కంచే మెసేజ్ పెడితే..!

‘‘పైసలు పడ్డయేమో సూడురా...’’

పోయిన వానాకాలం వడ్లు అమ్మాక మా నాయిన ఈ మాట అంటూ పక్కింటికి ఎన్నిసార్లు వెళ్లాడో లెక్కలేదు. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లాడున్నాడు. నాయిన ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లన్నీ వాడే చదివిపెట్టాలి. నాయిన తెలుగు పేపర్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలడు. ఇంగ్లిష్‌లో మాత్రం అంకెలు తప్ప అక్షరాలు రావు.

ఐకేపీ సెంటర్లో కాంటా అయిపోయింది. డబ్బులు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి, పడగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది అని చెప్పి పంపించారు. ఇక అప్పట్నుంచి ఫోన్ టింగుమంటే చాలు... చేతిలో పని వదిలేసి, కళ్లద్దాలు వెతుక్కుని, గోడ పక్కకి పరుగు.

‘‘తాతా, రోజుకి 2 జీబీ ఇస్తరంట. ఓటీటీ ఫ్రీ అంట’’ అని చదివాడట వాడు.

‘‘అంటే ఏందిరా?’’

‘‘ఫోన్ల సినిమాలు చూడొచ్చు.’’

నాయిన తన ఫోన్ వంక చూసుకున్నాడట. బొటనవేలంత స్క్రీన్ ఉన్న కీప్యాడ్ ఫోన్ అది. ‘‘ఇండ్లనా?’’

ఈ ముచ్చట చెప్పినప్పుడు ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. రెండు రోజుల తర్వాత అసలు సంగతి తెలిసి నవ్వు ఆగిపోయింది.

కోత మిషన్ అతను డబ్బుల కోసం రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లాడు. మూడోసారి రానివ్వడం నాయినకి నామోషీ. ఊళ్లోనే తెలిసినాయన దగ్గర 20 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చేశాడు. నేను హైదరాబాద్ నుంచి వెళ్లాక పాస్‌బుక్ తీసుకుని ఇద్దరం బ్యాంకుకి పోయాం. ఎంట్రీ వేయించి చూస్తే వడ్ల డబ్బు పడి అప్పటికే ఆరు రోజులు. అంటే అప్పు తెచ్చిన రోజుకి ఆ డబ్బు ఖాతాలో ఉంది! మెసేజ్ మాత్రం రాలేదు. అప్పిచ్చినాయన పద్ధతి ప్రకారం నెల తిరిగినా తిరక్కపోయినా నెల వడ్డీ కట్టాల్సిందే. నాలుగు వందలు. మనం వీకెండ్‌లో బిర్యానీకి పెట్టే డబ్బే. కానీ ఉన్న డబ్బుకి వడ్డీ కట్టానన్న బాధ నాయినని చాలా రోజులు వదల్లేదు.

బ్యాంకు వాళ్లు మేం పంపాం అన్నారు. మరి మెసేజ్ ఏమైనట్టు? 

ఇంటికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నా. స్క్రీన్ పైన కవరు గుర్తు మినుకుమినుకుమంటోంది. కొత్త మెసేజ్ ఉందనుకుని నాయిన, పక్కింటి పిల్లాడు దాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. కీప్యాడ్ ఫోన్లు వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది... ఆ కవరు అలా వెలిగి ఆరుతోందంటే ఇన్‌బాక్స్ నిండిపోయిందని! నిండితే కొత్త మెసేజ్ లోపలికి రాదు. నెట్‌వర్క్ కొంతసేపు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, గడువు దాటాక వదిలేస్తుంది.

కూర్చుని లెక్కపెట్టా. ఇన్‌బాక్స్‌లో మొత్తం 200. అందులో బ్యాంకువి 21. గ్యాస్, కరెంటు, ఇంకా ఏవేవో కలిపి 16. మిగిలిన 163 సిమ్ కంపెనీవే. మూడు నెలల్లో! డేటా ప్యాక్, ఓటీటీ, కాలర్ ట్యూన్, క్రికెట్ స్కోర్, ‘ఈరోజు మీ రాశిఫలం’, వాళ్ల యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని. కీప్యాడ్ ఫోన్‌లో యాప్ ఎక్కడ డౌన్‌లోడ్ చేస్తారో ఆ కంపెనీకే తెలియాలి. ఏ నంబర్ ఎలాంటి ఫోన్‌లో ఉందో వాళ్ల నెట్‌వర్క్‌కి తెలుస్తుంది. అయినా పంపుతారు. పంపడానికి వాళ్లకి అయ్యే ఖర్చేముంది గనక!

అన్నీ డిలీట్ చేశా. ఖాళీ అవగానే టింగ్, టింగ్, టింగ్... మూడు మెసేజ్‌లు లోపలికొచ్చాయి. బయట ఎదురుచూస్తున్నవన్నమాట. బ్యాంకుదేమోనని ఆశగా తెరిచా. మూడూ సిమ్ కంపెనీవే.

మనకి కనబడని చెత్త

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేను ఈ మెసేజ్‌ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మీరూ అంతే కదా? స్మార్ట్‌ఫోన్‌లో మెసేజ్‌ల యాప్ తెరిచేదే ఓటీపీ కోసం. అదీ చాలాసార్లు దానంతటదే వచ్చి పెట్టెలో కూర్చుంటుంది. 3,000 మెసేజ్‌లు చదవకుండా పడి ఉన్నా మనకి పట్టదు, వేలితో ఒక్కసారి పక్కకి తోస్తే పోతుంది. కానీ మన ఇళ్లల్లో ఫోన్ టింగుమంటే ‘ఏదో ముఖ్యమైనదే అయ్యుంటుంది’ అని నమ్మే మనిషి ఒక్కరైనా ఉంటారు. ఆ నమ్మకం మీద పడుతోంది ఈ చెత్తంతా.

అన్నట్టు, ఒకప్పుడు ఈ దేశంలో మెసేజ్‌లకి రేషన్ ఉండేదని తెలుసా? ప్రచార మెసేజ్‌ల గోల పడలేక టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011 సెప్టెంబర్‌లో ఒక సిమ్ నుంచి రోజుకి 100 ఎస్సెమ్మెస్‌లే అని హద్దు గీసింది. కుర్రాళ్లు గగ్గోలు పెడితే తర్వాత దాన్ని 200 చేసింది. వాట్సాప్ అప్పటికింకా అందరి చేతుల్లోకీ రాలేదు. ప్రేమికులకి అదెంత కష్టమో ఊహించుకోండి!

రూల్స్ లేక కాదు. 2007లోనే ‘డు నాట్ కాల్’ రిజిస్ట్రీ వచ్చింది. 2010లో కొత్త నిబంధనలు పెట్టి, రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా ప్రచారం చేయకూడదన్నారు. 2018లో వాటినీ మార్చి బ్లాక్‌చెయిన్ తెచ్చారు. ఏ కంపెనీ అయినా మెసేజ్ పంపాలంటే తన పేరునీ, పంపబోయే మెసేజ్ నమూనానీ ముందే రిజిస్టర్ చేసుకోవాలి. నమూనాకి సరిపోలని మెసేజ్‌ని టెలికాం ఆపరేటర్ మధ్యలోనే ఆపేయాలి. 2021 మార్చి 8 గుర్తుందా? ఆ రోజు దేశమంతా ఓటీపీలు రాక బ్యాంకు పనులు, ఆన్‌లైన్ పేమెంట్లు ఎక్కడికక్కడ నిలిచిపోయాయి. కారణం ఈ జల్లెడని గట్టిగా పట్టడమే. మర్నాడే ట్రాయ్ దాన్ని వారం పాటు పక్కన పెట్టించాల్సి వచ్చింది. ఆ గందరగోళం సంగతి ఎలా ఉన్నా ఒకటి మాత్రం తేలింది... ఆపాలనుకుంటే ఆపరేటర్లు మెసేజ్‌ని ఆపగలరు.

మరి ఆ జల్లెడ పట్టుకున్నవాడే చెత్త పోస్తుంటే? బట్టల షాపు మెసేజ్ పంపితే ఆపరేటర్‌కి ఫిర్యాదు చేస్తాం. ఆపరేటరే పంపితే ఎవరికి చేయాలి? మళ్లీ ఆపరేటర్‌కే! కంచే చేను మేస్తే అంటారే, అదే ఇది.

అయినా సరే, చేసి చూద్దామనుకున్నా.

‘అన్నీ బంద్ చేస్తే బ్యాంకుది రాదేమో!’

1909. ఈ నంబర్‌కి ‘ఫుల్లీ బ్లాక్’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడితే ప్రచార మెసేజ్‌లన్నీ ఆపమని కోరినట్టు. ఫోన్ చేసి చెప్పినా చాలు, పైసా ఖర్చుండదు. అన్నీ వద్దు, కొన్నే ఆపాలంటే కేటగిరీలున్నాయి. బ్యాంకులు, బీమా, క్రెడిట్ కార్డులు 1, రియల్ ఎస్టేట్ 2, చదువులు 3, ఆరోగ్యం 4, వస్తువులు, వాహనాలు 5, టెలికాం, వినోదం, ఐటీ 6, పర్యటనలు 7, తిండి 8. ‘బ్లాక్’ అని రాసి పక్కన ఆ అంకెలు వేస్తే సరి. సిమ్ కంపెనీల సొంత డప్పు ఆరో నంబర్ కిందకి వస్తుంది. స్మార్ట్‌ఫోన్ వాళ్లు ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఆపరేటర్ యాప్‌లో గానీ ఇదే పని చేసుకోవచ్చు.

నాయిన ఫోన్ నుంచి పంపబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. ‘‘అన్నీ బంద్ చేస్తే బ్యాంకుది గూడ రాదేమో బిడ్డా!’’

ఈ భయం నాయినకే కాదు, నా ఆఫీసులో బీటెక్ చదివినవాళ్లకీ ఉంది. నిజానికి డీఎన్‌డీ పెట్టినా ఓటీపీలు, డబ్బు పడ్డ, తీసిన మెసేజ్‌లు, గ్యాస్ డెలివరీ కోడ్‌లు వస్తూనే ఉంటాయి. ఆగాల్సింది ప్రచారం మాత్రమే. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడానికి 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. మెసేజ్ పంపినవారి పేరు చివర ఒక అక్షరం ఉండాలంది. ప్రచారమైతే ‘పి’, సర్వీస్ అయితే ‘ఎస్’, లావాదేవీ అయితే ‘టి’, ప్రభుత్వానిదైతే ‘జి’. మీ ఫోన్ తీసి ఇప్పుడే చూడండి, కనిపిస్తాయి. పేరు మొదట్లో ఉండే రెండక్షరాలకీ అర్థముంది. మొదటిది మెసేజ్ ఏ ఆపరేటర్ నుంచి బయల్దేరిందో చెబుతుంది. ఎయిర్‌టెల్‌కి ఎ, జియోకి జె, వొడాఫోన్ ఐడియాకి వి, బీఎస్ఎన్ఎల్‌కి బి. రెండోది సర్కిల్. మనది ఎ... అంటే ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం రెండయినా ఫోన్ల లెక్కలో మనమింకా ఉమ్మడి కుటుంబమే!

నాయినకి ఇదంతా చెప్పి లాభం లేదు. చివరి అక్షరం ఒక్కటి నేర్పిస్తే చాలనిపించింది. కాగితం మీద ‘పి’ రాసి చూపించా.

‘‘కట్టెకి జెండా కట్టినట్టున్నది’’ అన్నాడు.

‘‘ఆ... జెండా ఉంటే చదవకు, కొట్టెయ్. ఇది ‘ఎస్’.’’

‘‘పాము లెక్క.’’

‘‘పాముంటే చూడాలి. ‘టి’ ఉంటే కచ్చితంగా చూడాలి.’’

‘టి’ని ఏమంటావని అడిగితే కరెంటు స్తంభం అన్నాడు. మా ఇంగ్లిష్ క్లాస్ పది నిమిషాల్లో అయిపోయింది. డిలీట్ చేయడం నేర్పడానికి మాత్రం గంట పట్టింది.

ఓకే నొక్కితే పాట మోగింది

ఈ పనిలో ఉండగానే మా అక్క ఫోన్. నాయిన నంబర్‌కి చేస్తే రింగ్‌కి బదులు మాస్ మసాలా పాట వినిపిస్తోందట. ‘‘ఈ వయసులో ఈ పాటేందే?’’ అని నవ్వుతోంది. బ్యాలెన్స్ చూస్తే తగ్గుతోంది. స్క్రీన్ మీద ఉన్నట్టుండి ఒక మెసేజ్ దూకుతుంది, అడ్డంగా కూర్చుంటుంది, కింద ‘ఓకే’ అని ఉంటుంది. అది పోతే తప్ప ఫోన్ చేసుకోలేం కాబట్టి నాయిన ఓకే నొక్కేవాడట. ఒక్కోసారి రెండుసార్లు.

నిజానికి ఇలాంటి సర్వీసు మొదలుపెట్టాలంటే మన అంగీకారం రెండుసార్లు తీసుకోవాలని 2013లోనే ట్రాయ్ ఆదేశించింది. రెండు ఓకేలు అందుకే! వద్దనుకుంటే 155223కి ఫోన్ చేయొచ్చు, ‘స్టాప్’ అని మెసేజ్ పెట్టొచ్చు. మొదలైన 24 గంటల్లోపు నేను అడగలేదని చెబితే కోసిన డబ్బు వెనక్కివ్వాలి. మాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, పాట మాత్రం ఆపించాం. స్మార్ట్‌ఫోన్‌లో ఇలాంటివి దూకుతుంటే యాప్‌ల జాబితాలో ‘సిమ్ టూల్‌కిట్’ అని ఒకటుంటుంది. దాన్ని తెరిచి చూడండి, చాలావాటిలో ఆపే ఆప్షన్ అక్కడే దాగి ఉంటుంది.

1909కి మెసేజ్ పెట్టిన మూడో రోజు నుంచి తేడా తెలిసింది. జెండాలు తగ్గాయి. వారానికల్లా దాదాపు పోయాయి. బాగుంది కదా అనుకున్నా. పది రోజులకి నాయిన ఫోన్ చేశాడు.

‘‘పామొచ్చింది బిడ్డా. పక్కింటోడు చదివిండు. పామని చూస్తే అండ్ల జెండా ముచ్చటనే ఉన్నది.’’

ఆ వాక్యం విని నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయా. సిమ్ కంపెనీ చేస్తున్న పనిని అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. మెసేజ్ ఏంటంటే... ‘మీ ప్యాక్ 9 రోజుల్లో అయిపోతోంది. ఇప్పుడే ఫలానా ప్లాన్‌కి మారితే ఓటీటీ ఉచితం.’ మొదటి ముక్క సర్వీస్, రెండో ముక్క ప్రచారం. మొదటి ముక్క ముసుగేసి రెండో ముక్కని లోపలికి తోస్తున్నారు. ప్రచారం కలిస్తే దాన్ని ప్రచారంగానే చూడాలన్నది నిబంధన వెనకున్న ఉద్దేశం. ‘ప్యాక్ అయిపోతోంది’ అన్న మెసేజ్ అవసరమే, నేనొద్దనను. ఒక్కటి చాలు. తొమ్మిది రోజుల ముందు నుంచి రోజూ ఎందుకు?

ఫిర్యాదు చేశా. ఎలాగంటే, వచ్చిన మెసేజ్, కామా, పంపిన పేరు, కామా, తేదీ... ఇలా రాసి 1909కి పంపాలి. మెసేజ్ వచ్చిన ఏడు రోజుల్లోపు చేయాలి. ఇంతకుముందు మూడు రోజులే ఉండేది, 2025 సవరణలో పెంచారు. అదే సవరణ ఫిర్యాదుల లెక్కల్ని తప్పుగా చూపించే ఆపరేటర్లకి మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపైన 10 లక్షల జరిమానా పెట్టింది. రిజిస్టర్ కాకుండా మామూలు పదంకెల నంబర్ల నుంచి ప్రచారం చేసేవాళ్ల మీద అయితే డీఎన్‌డీ పెట్టుకోనివాళ్లూ ఫిర్యాదు చేయొచ్చు. ‘కేవైసీ చేయకపోతే సిమ్ బంద్’ లాంటివి అసలు ప్రచారమే కాదు, మోసం. వాటిని సంచార్ సాథీలోని ‘చక్షు’లో పెట్టండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి.

నా ఫిర్యాదుకి జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. ‘ఇది సర్వీస్ మెసేజ్. మీ ఫిర్యాదుని ముగించాం.’ ఎవరు ముగించారు? పంపినవాళ్లే!

తర్వాత 198కి చేశా. లైన్‌లోకి వచ్చిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. పాపం, ఆమె చేతుల్లో ఏముంది! నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, డాకెట్ నంబర్ ఇచ్చి, ‘‘ఇంకేమైనా సాయం కావాలా మేడమ్?’’ అంది. వద్దన్నా. ‘‘మేడమ్, మీ నాన్నగారి నంబర్‌కి ఒక స్పెషల్ ఆఫర్ ఉంది, చెప్పమంటారా?’’

నవ్వొచ్చింది. ఆమే నవ్వింది. చదవకపోతే ఆమెకి మార్కులు తగ్గుతాయేమో అని విన్నాను కూడా.

ఆ డాకెట్ నంబర్‌ని పారేసుకోకండి. అదే అసలు ఆయుధం. 198లో తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కంపెనీలు చాలాకాలం ‘మా మీద కేసులు అక్కడ నడవవు’ అని వాదించాయి. నడుస్తాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ట్రాయ్‌కి నేరుగా రాస్తే పనవుతుందనుకుంటారు చాలామంది. అది రూల్స్ పెట్టే సంస్థే తప్ప ఒక్కొక్కరి ఫిర్యాదుని పరిష్కరించదు, తిరిగి కంపెనీకే పంపుతుంది.

నేను అప్పీలు చేశా. మూడు నెలల లెక్క, పాము మెసేజ్‌ల కాపీలు, ప్రచారం ఉన్న ముక్క కింద ఎర్రగీత. వడ్లడబ్బు సంగతి కూడా రాశా. నాలుగు వందలు అడగలేదు. దాదాపు నెల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ నంబర్‌ని మా ప్రచార జాబితా నుంచి తొలగించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. సర్వీస్ మెసేజ్‌లో ప్రచారం ఎందుకు పెట్టారన్న ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. నాయిన ఒక్కడి నంబర్ తీసేశారు, ఊళ్లో మిగతావాళ్ల సంగతి? 

ఆ తర్వాత నెలలో మళ్లీ లెక్కపెట్టా. సిమ్ కంపెనీ నుంచి వచ్చినవి మొత్తం 14. అన్నిటికీ పామే. అందులో ఐదింటిలో ఇంకా ఆఫర్ ముక్క ఉంది. వాటి మీద రెండో ఫిర్యాదు పెట్టా. ఆ డాకెట్ నంబర్ ఫ్రిజ్ మీద అతికించి ఉంది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఊళ్లోవాళ్లు ముగ్గురు, ముగ్గురి చేతుల్లోనూ కీప్యాడ్ ఫోన్లే. ఒకాయన ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని నాయిన అడుగుతున్నాడు.

‘‘జెండానా, పామా? సరిగ్గ చెప్పు.’’